ద్వీపాల్లో తిండి పండగలు: అమ్మానాన్నలతో ఎక్కడికి, ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

గౌతమి_తీరం · 21 జులై 2024

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అమ్మానాన్నల పెళ్లయి ఈ ఏడాదితో ముప్పై ఏళ్లు నిండుతాయి. వాళ్లని ఎక్కడికైనా ఒక ద్వీపానికి తీసుకెళ్లాలని అన్నయ్య, నేను అనుకుంటున్నాం. ఇద్దరికీ చూడటం కన్నా తినడం ఇష్టం. అందుకే తిండి పండగ జరిగే చోటు, జరిగే రోజులు చూసుకుని వెళ్దామని ఆలోచన.

చిక్కు ఎక్కడంటే, నాన్నకి చేప లేనిదే ముద్ద దిగదు. ఇప్పుడు పులస రోజులు కదా, పొద్దున్నే గోదావరి గట్టుకి వెళ్లి బేరం ఆడి వస్తున్నారు. అమ్మ పదిహేనేళ్ల కిందట మొక్కుకుని నీచు మానేసింది. దసరా నవరాత్రుల్లో, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు.

పోయినేడాది ఒక రిసార్టులో ‘ఫుడ్ ఫెస్టివల్’ అని ప్రకటన చూసి ముందే డబ్బు కట్టి వెళ్లాం. షామియానా కింద ఒక బఫే, ఒక గిటారు, అంతే. ఆ ఊరివాళ్లు ఒక్కరూ అక్కడ తినలేదు. అమ్మ మూడు రోజులు రొట్టె, అరటిపండుతో గడిపింది. మళ్లీ అలా జరగకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్యాంకాక్_బాబాయ్ · 21 జులై 2024

గౌతమి గారూ, మీ అమ్మగారి గురించి చదవగానే నాకు థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపం గుర్తొచ్చింది. అందరూ ఫుకెట్ అంటే బీచ్ అనుకుంటారు. ఏటా తొమ్మిది రోజులు ఆ ఊళ్లో శాకాహార పండగ జరుగుతుంది. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల పాడ్యమి నుంచి నవమి దాకా. ఈ ఏడాది అక్టోబరు 3 నుంచి 11 వరకు. క్యాలెండర్ తీసి చూడండి, మన శరన్నవరాత్రులు మొదలయ్యేది కూడా అక్టోబరు 3నే. రెండూ అమావాస్య దగ్గరే మొదలవుతాయి కాబట్టి చాలా ఏళ్లు ఇలాగే కలిసి వస్తాయి. అధిక మాసం లెక్కల్లో తేడా వచ్చిన ఏడు మాత్రం నెల అటూ ఇటూ అవుతుంది.

అక్కడ ఆ తొమ్మిది రోజులు తినేదాన్ని ‘జే’ అంటారు. మాంసం, చేప, గుడ్డు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. మామూలు రోజుల్లో థాయ్‌లాండ్‌లో శాకాహారం అడిగినా చేప సాస్ పడిపోతుందేమోనని మనవాళ్లకి ఒకటే టెన్షన్. ఆ తొమ్మిది రోజులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న బండి దగ్గర కళ్లు మూసుకుని తినొచ్చు. ఆ అక్షరం చూడటానికి 17 అంకెలా ఉంటుంది. ‘కిన్ జే’ అంటే చాలు, అర్థమైపోతుంది.

ఒక్క సంగతి ముందే చెప్తున్నాను. జేలో పాలు, పెరుగు కూడా ఉండవు. అమ్మగారికి పెరుగన్నం కావాలంటే గదిలో ఏర్పాటు చేసుకోవాలి. కాఫీ, టీ సోయా పాలతో ఇస్తారు.

కరీంనగర్_కోడలు · 21 జులై 2024

వివరాలు బాగున్నాయి బాబాయ్ గారూ. కానీ దసరాకి ఇల్లు వదిలి వెళ్లడం ఎలా? మా దగ్గరైతే అవే రోజులు బతుకమ్మ. పుట్టింటికి కూడా అప్పుడే పోతాం. నేనైతే ఎంత మంచి పండగున్నా ఆ తొమ్మిది రోజులు ఎక్కడికీ కదలను. గౌతమి గారి అమ్మగారు ఒప్పుకుంటారా?

గౌతమి_తీరం · 22 జులై 2024

అదే నా భయం కూడా. అమ్మ బొమ్మల కొలువు పెడుతుంది. ఇంకా అడగలేదు. వేరే నెలల్లో జరిగేవి కూడా చెప్పండి, అప్పుడు అడుగుతాను.

అప్పన్న_గుడి_వీధి · 22 జులై 2024

నేను శ్రీకాకుళం వాణ్ణి. మారిషస్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉంది, చాలామందికి తెలియదు. చెరకు తోటల్లో కూలికి మన తీరం నుంచి, కోరంగి రేవు వైపు నుంచి కూడా ఓడలెక్కి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు ఆ పండగ చేస్తారు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష. కానీ రామ భజన చేస్తారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. అమ్మోరు పండగ కూడా ఉంది. మొదటిసారి అక్కడ గుళ్లో ‘అప్పన్నా’ అన్న పిలుపు వినగానే నా ఒళ్లు జలదరించింది.

తిండి సంగతి. పెళ్లిళ్లలో, గుడి పండగల్లో ‘సెత్ కారీ’ పెడతారు, అంటే ఏడు కూరలు. అరటాకులో అన్నం, చుట్టూ గుమ్మడి, పనస, వంకాయ, బీన్సు లాంటి కూరలు, చట్నీ, రసం లాంటి చారు. పూర్తిగా శాకాహారం. వీధిలో అయితే ధోల్ పూరీ. మన బొబ్బట్టులాగే లోపల పప్పు పొడి ఉంటుంది, తీపి ఉండదు. జతగా ఇస్తారు, లోపల బీన్సు కూర, టమాటా రుగాయ్, కారం చట్నీ వేసి చుట్టి కాగితంలో పెడతారు. గాతో పిమాన్ అని పప్పుతో చేసే చిన్న కారం వడలుంటాయి, మన మసాలా వడకి తోబుట్టువు. పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్లో అలూదా తాగాలి. చల్లటి పాలు, సబ్జా గింజలు, అగర్ జెల్లీ ముక్కలు. ఎండలో నడిచి వచ్చి ఒక గ్లాసు తాగితే ప్రాణం లేచి వస్తుంది.

పర్యాటకుల కోసం జరిగేవీ ఉన్నాయి. పోర్ట్ లూయిస్ చైనాటౌన్‌లో ఏటా ఫుడ్ అండ్ కల్చరల్ ఫెస్టివల్ జరుగుతుంది, వీధంతా నూడుల్స్, ‘బులెట్’ అనే ఆవిరి మీద ఉడికించిన ఉండలు. ఏడాది చివర్లో క్రియోల్ ఫెస్టివల్. మీ నాన్నగారికి అవి నచ్చుతాయి. మద్యం అలవాటున్నవాళ్లు షమరెల్ అనే ఊరి దగ్గర చెరకు రసంతో నేరుగా కాచే రమ్ము చూడటానికి వెళ్తారు. కానీ నన్నడిగితే ఉగాదికే వెళ్లమంటాను. వచ్చే ఉగాది 2025 మార్చి 30.

సముద్రం_డాక్టర్ · 23 జులై 2024

నేను బార్బడోస్‌లో మెడిసిన్ చదివాను. కరీబియన్ కాలేజీల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. దూరం ఎక్కువే, లండన్ మీదుగా రెండు రోజులు పడుతుంది. అయినా చేప ప్రాణమైన నాన్నగారి కోసం ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

దక్షిణ తీరంలో ఓయిస్టిన్స్ అనే జాలరి ఊరు ఉంది. ఈస్టర్ వారాంతంలో అక్కడ ఫిష్ ఫెస్టివల్ జరుగుతుంది, 1977 నుంచి. ఎగిరే చేప ఆ దేశపు చేప. దాన్నిండా సన్న ముళ్లు. జాలరి ఆడవాళ్లు ఎవరు ముందు ముళ్లన్నీ తీసి చేపని శుభ్రంగా విప్పుతారో పోటీ పెడతారు. నేను అక్కడ నిలబడి చూస్తుంటే మా అమ్మమ్మ పులస ముళ్లు వేళ్లతో తడిమి తీసి నా కంచంలో వేయడం గుర్తొచ్చింది. ఆ ఆడవాళ్ల కత్తి పని చూడటానికే ఆ పండగకి వెళ్లొచ్చు. ఇంకా పడవ పందేలు, నూనె రాసిన స్తంభం ఎక్కడం ఉంటాయి. ఈస్టర్‌కి కుదరకపోతే ప్రతి శుక్రవారం రాత్రి అదే ఊళ్లో చేపలు కాల్చి, వేయించి పెడతారు.

వాళ్ల జాతీయ వంటకం ఎగిరే చేపతో ‘కూకూ’. మొక్కజొన్న పిండి, బెండకాయ ముక్కలు కలిపి ఉడికిస్తూ చెక్క తెడ్డుతో ఆపకుండా కలుపుతారు. అచ్చం సంకటి పద్ధతి. బెండకాయ జిగురుకి ముద్ద నున్నగా వస్తుంది. కూకూ ఒక్కటే తింటే శాకాహారమే, కానీ దాని మీద పోసేది చేప పులుసు కాబట్టి అమ్మగారికి విడిగా అడగాలి.

మొన్న జులై 1న బెరిల్ తుఫానుకి అక్కడి చేపల పడవలు చాలా దెబ్బతిన్నాయి. ఫొటోలు చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే ఈస్టర్‌కి బయటివాళ్లు ఎంత ఎక్కువ వెళ్తే వాళ్లకి అంత మేలు అని నా నమ్మకం.

కాఫీ_గింజ · 23 జులై 2024

సియాటిల్ నుంచి. హవాయి పెద్ద ద్వీపంలో నవంబరు మొదట్లో పది రోజులు కోనా అనే ప్రాంతపు కాఫీ పండగ జరుగుతుంది, 1970లో మొదలైంది. మేం రెండుసార్లు వెళ్లాం. పళ్లు కోసే పోటీ, రుచి చూసి మార్కులు వేసే పోటీ, హొలువలోవా ఊరి వీధిలో తోటకో బల్ల పెట్టి ఎవరి కాఫీ వాళ్లు పోసి ఇవ్వడం. బల్లల వెనకాల నిలబడేది చాలావరకు రైతులే. ఆ కొండ వాలు మీద తోటలు నిలిపినవాళ్లలో జపాన్ నుంచి కూలికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబం తోటని పాత రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంచి చూపిస్తారు. గింజలు ఎండబెట్టే అరుగు మీద రేకుల కప్పు చక్రాల మీద ఉంటుంది. వాన రాగానే తోసి మూసేస్తారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ‘కోనా బ్లెండ్’ అని రాసిన పొట్లంలో 10 శాతం కోనా ఉన్నా చాలని ఇన్నాళ్లూ చట్టం. 2027 నుంచి 51 శాతం ఉండాలని ఈ ఏడాదే మార్చారు. అంతదాకా ‘100 శాతం కోనా’ అని ఉంటేనే కొనండి. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు ఈ రైతుల పోరాటమే గుర్తొచ్చింది.

గౌతమి_తీరం · 24 జులై 2024

చదువుతుంటేనే నోరూరుతోంది. అమెరికా వీసా అమ్మానాన్నలకి లేదు, కాబట్టి కోనా ఇప్పట్లో కుదరదు. ఓయిస్టిన్స్ గురించి నాన్నకి చదివి వినిపించాను. ముళ్లు తీసే పోటీ అనగానే టీవీ ఆపేశారు.

పోర్ట్‌బ్లెయిర్_చిన్నోడు · 24 జులై 2024

వీసా గొడవ లేకుండా అండమాన్ ఉంది కదా! మా తాతలది శ్రీకాకుళం జిల్లా, చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇక్కడ మార్కెట్లో తెలుగులో బేరం ఆడొచ్చు. జనవరి ప్రాంతంలో ఐలండ్ టూరిజం ఫెస్టివల్ జరుగుతుంది, తిండి దుకాణాలు బాగానే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం రాకండి, అప్పుడు వేట నిషేధం. వేసవి సెలవులని ఆ రోజుల్లోనే వచ్చి, తాజా చేప దొరకలేదని బాధపడేవాళ్లని ఏటా చూస్తుంటాను. ఏ ద్వీపానికి వెళ్లినా పండగ తేదీతో పాటు వేట తేదీలు, కాపు తేదీలు కూడా అడగండి.

మాధురి_బెజవాడ · 25 జులై 2024

బాలి గురించి ఎవరూ చెప్పలేదు. ఉబుద్ ఫుడ్ ఫెస్టివల్ 2015 నుంచి జరుగుతోంది. టికెట్ పెట్టి, వేదిక కట్టి జరిపేదే. అయినా అక్కడ ఇండోనేషియాలోని వేరే వేరే ద్వీపాల వంటవాళ్లు వచ్చి వండి చూపిస్తారు, ఎందుకలా వండుతారో చెప్తారు. సోయా గింజలతో చేసే టెంపే ఎలా పులియబెడతారో నేను అక్కడే నేర్చుకున్నాను. ఊరివాళ్లు తమ కోసం చేసుకునేదే అసలు పండగ అన్నట్టు అందరూ రాస్తున్నారు. బయటి నుంచి వచ్చినవాళ్లకి ఎవరో ఒకరు విడమరిచి చెప్పే పండగ కూడా కావాలి. ఊరి పండగలో మనం ఒక మూల నిలబడి, ఏం జరుగుతోందో తెలియక తిరిగి వచ్చేస్తాం.

బ్యాంకాక్_బాబాయ్ · 25 జులై 2024

మాధురి గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. అందుకే ఫుకెట్ పండగ గురించి తెలుసుకోవాల్సినవి కొన్ని ఇప్పుడే రాస్తాను.

కథూ అనే చోట తగరపు గనుల్లో పనికి చైనా నుంచి హొక్కియెన్ జనం వచ్చారు. 1825లో వాళ్ల కోసం నాటకాలు ఆడటానికి వచ్చిన బృందానికి జబ్బు చేసింది. తొమ్మిది మంది చక్రవర్తి దేవతలకి మొక్కుకుని, నీచు మాని నిష్ఠగా ఉంటే తగ్గిందని వాళ్ల కథ. అప్పటి నుంచి జరుగుతోంది. మీ అమ్మగారి మొక్కు లాంటిదే అన్నమాట.

ఇక కష్టమైన భాగం. దేవత పూనినవాళ్లు బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని ఊరేగింపులో నడుస్తారు. నిప్పుల మీద నడుస్తారు, కత్తుల మెట్లు ఎక్కుతారు. మన జాతరల్లో నాలుకకి శూలాలు చూసినవాళ్లకి కొత్త కాకపోవచ్చు, కానీ ఇది అంతకన్నా ఎక్కువ. గుండె జబ్బున్నవాళ్లు, చిన్నపిల్లలు ఊరేగింపుకి దూరంగా ఉండటం మంచిది. టపాకాయల మోత చాలా దగ్గరగా ఉంటుంది. ఊరేగింపులు పొద్దున జరుగుతాయి, రోజుకో గుడిది. తిండి వీధి రోజంతా ఉంటుంది. కాబట్టి రెండూ విడదీసుకోవచ్చు.

మైలలో ఉన్నవాళ్లు గుడికి రాకూడదని వాళ్లకీ నియమం ఉంది. తెల్లబట్టలు కట్టుకోవాలి. ఆ రోజుల్లో మద్యం ముట్టరు. ఫొటో తీసే ముందు అడగండి.

కరీంనగర్_కోడలు · 26 జులై 2024

తెల్లబట్టలంటే ఒక మాట. ముప్పై ఏళ్ల పెళ్లిరోజుకి వెళ్తూ ఆమెని తెల్ల చీర కట్టుకోమంటే మనసు ఒప్పుకుంటుందా? మా అత్తయ్య అయితే గడప దాటదు.

గౌతమి_తీరం · 28 జులై 2024

అక్కా, సరిగ్గా అదే అయింది. ఫుకెట్ అనగానే అమ్మ ‘నవరాత్రుల్లో ఉల్లి లేని ఊరంటే వస్తాను’ అంది. కొలువు ఈసారి పిన్ని ఇంట్లో పెట్టిస్తానంది. తెల్ల చీర మాట రాగానే మౌనం. చివరికి అమ్మమ్మ ఇచ్చిన తెలుపు మీద ఎర్ర అంచు చీర తీసింది. ఎర్ర అంచు ఉంటే సరేనట. మూలా నక్షత్రం, అంటే 9వ తేదీ నాటికి ఇంట్లో ఉండాలని షరతు. విశాఖ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఫుకెట్ టికెట్లు చూస్తున్నాం. వీసా ఎలాగండీ?

బ్యాంకాక్_బాబాయ్ · 28 జులై 2024

2024 జులై 15 నుంచి భారతీయులకి 60 రోజుల వరకు వీసా అక్కర్లేకుండా చేశారు. పటాంగ్ బీచ్ దగ్గర గది తీసుకోకండి, ఫుకెట్ టౌన్‌లో తీసుకోండి. విమానాశ్రయం ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. జుయ్ తుయ్ గుడి, దాని ముందు రనాంగ్ రోడ్డు తిండి వీధి, రెండూ టౌన్‌లో నడిచే దూరంలో ఉంటాయి. అక్టోబరులో వానలు, గొడుగులు మర్చిపోకండి. నాన్నగారికి చేప కావాలంటే రవాయ్ మార్కెట్‌కి టాక్సీలో వెళ్లాలి. సముద్రపు జాలర్ల దగ్గర చేప కొని ఎదురు హోటల్లో ఇస్తే వండి పెడతారు.

గౌతమి_తీరం · 19 అక్టోబరు 2024

వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇంత సాయం చేసినవాళ్లకి అన్నీ చెప్పాలి.

మొదటి సాయంత్రం రనాంగ్ రోడ్డులో అడుగుపెట్టగానే వీధి పొడవునా పసుపు జెండాలు, మూకుళ్లలో సలసల కాగే నూనె. అమ్మ మొదటి బండి దగ్గరే ఆగిపోయింది. ఇనుప కడ్డీకి గుచ్చిన రొయ్యలు, పక్కన పొలుసులతో సహా చేప! అన్నీ సోయాతో, గోధుమ బంకతో చేసినవే. ఎంత చెప్పినా అమ్మ నమ్మలేదు. ఆ ఆకారం చూస్తూ తినలేనంది. బాబాయ్ గారూ, శాకాహారి పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత మేం ఆకారం లేనివే వెతుక్కున్నాం. చేమదుంప తురుము వేయించిన ముక్కలు, వేయించిన టోఫు మీద చింతపండు, వేరుశనగ చట్నీ, పుట్టగొడుగుల చారు, పసుపు నూడుల్స్. చేమదుంప ముక్కలు అమ్మకి ఎంత నచ్చాయంటే ఐదు రోజులూ అదే బండి. మూడో రోజుకి ఆ బండి ఆవిడ అమ్మని దూరం నుంచే చూసి మూకుట్లో వేసేది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అమ్మ ఆవిడకి ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుమ ఇచ్చింది, ఆవిడ తీసుకుని కళ్లకద్దుకుంది.

ఓ-ఎవ్ అని ఒక తీపి ఉంది. తురిమిన ఐసు మీద మెత్తటి జెల్లీ, ఎర్ర చిక్కుళ్లు, ఎర్రటి పాకం. నాన్న రోజుకి రెండు తిన్నారు.

గుడి వంటశాలలో జనం స్టీలు క్యారియర్లు పట్టుకుని వరసలో నిలబడి అన్నం తీసుకెళ్తున్నారు. మన నాలుగు గిన్నెల క్యారియర్ లాంటివే. అమ్మ అది చూసి ‘అన్నదానం’ అని తనే వెళ్లి కూరగాయలు తరిగేవాళ్ల పక్కన కూర్చుంది. ఎవరూ వద్దనలేదు. కత్తి, గుమ్మడికాయ ఇచ్చారు. గంటసేపు తరిగింది. మాధురి గారు అన్నట్టు మూల నిలబడాల్సి వస్తుందేమో అనుకున్నాను, తెలిసిన పని దొరికేసరికి ఆ ఇబ్బంది లేకపోయింది.

ఊరేగింపు అమ్మ చూడలేదు. నాన్న, అన్నయ్య వెళ్లి, టపాకాయల పొగలో దగ్గుతూ వచ్చారు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, బుగ్గన శూలం ఉన్న ఒకతను దారిలో ఒక ముసలావిడ తల మీద చెయ్యి పెట్టి దీవించాడని చెప్పారు. చేప కోసం రవాయ్‌కి ఒక్కరోజు వెళ్లారు, బాగుందన్నారు. రెండోసారి వాన పడి ఆగిపోయారు.

పెరుగు లేక అమ్మకి రెండో రోజు నుంచి ఇబ్బంది అయింది. కన్వీనియన్స్ స్టోర్లో పెరుగు దొరికింది కానీ తియ్యగా ఉంది. ఇంకోసారి వెళ్లేవాళ్లు ఊరమిరపకాయలు, మజ్జిగ పొడి తీసుకెళ్లండి.

సముద్రం_డాక్టర్ · 19 అక్టోబరు 2024

క్యారియర్ల మాట చదివి కళ్లు చెమర్చాయి. నాన్నగారికి ఓయిస్టిన్స్ మాత్రం బాకీ ఉంది.

గౌతమి_తీరం · 20 అక్టోబరు 2024

నాన్న మర్చిపోలేదండీ. కానీ అమ్మకి ఇప్పుడు మారిషస్ మీద మనసు పడింది. అప్పన్న గుడి అనగానే ఉగాదికి వెళ్దామంటోంది. అప్పన్న_గుడి_వీధి గారూ, అమ్మ ఒక్కటే అడగమంది: పచ్చడికి వేప పువ్వు, మామిడికాయ అక్కడ దొరుకుతాయా, ఇక్కడి నుంచి తేవాలా?

అప్పన్న_గుడి_వీధి · 20 అక్టోబరు 2024

తేకండి అమ్మా. పువ్వులు, కాయలు, విత్తనాలు విమానాశ్రయంలో ఆపేస్తారు. అక్కడ మన ఉగాది వేసవి చివర్లో వస్తుంది, మామిడి కాపు అయిపోయే రోజులు. అందుకని దొరికినదాంతో ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది. పొద్దున్నే గుడికి వెళ్లి వాళ్లు పెట్టే పచ్చడి తినండి. వంటశాలలో గుమ్మడికాయ తరిగే పని అక్కడ కూడా ఉంటుందని అమ్మగారికి చెప్పండి.